బిడ్డల కోసం కదిలిన గోకులం

గృహస్థాశ్రమం తక్కిన మూడు ఆశ్రమాలకూ ఆధారమని ధర్మశాస్త్రాలు చెబుతున్నాయి. బ్రహ్మచారికి భిక్ష దొరికేదీ, అతిథికి ఆదరణ లభించేదీ, సన్న్యాసికి పిడికెడు అన్నం పెట్టేదీ గృహస్థు గడపే. ఆ గడపకు నిండుదనం తెచ్చేది పసిబిడ్డ అడుగుల సవ్వడి. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి సత్యం, తపస్సు, అతిథిపూజ వంటి అనుష్ఠేయ ధర్మాల వరుసలోనే సంతానాన్ని కనడాన్నీ, వంశాన్ని నిలపడాన్నీ చేర్చింది. బిడ్డను పెంచడం లౌకిక వ్యవహారం కాదనీ, వేదాధ్యయనంతో పాటు నడవవలసిన తపస్సేననీ దీనివల్ల తెలుస్తుంది.

మన ఓరుగల్లు ప్రాంతంలో ఏటా వైశాఖ, జ్యేష్ఠ మాసాలు వచ్చాయంటే గృహప్రవేశ ముహూర్తాల సందడి మొదలవుతుంది. బడులు తెరిచేలోగా కొత్త ఇంట్లో చేరాలని తల్లిదండ్రుల ఆరాటం. నర్సంపేట, పరకాల, ములుగు, మహబూబాబాద్ వైపు పల్లెలనుంచి పిల్లల చదువు నిమిత్తం హనుమకొండకో, కాజీపేటకో తరలివచ్చే కుటుంబాలు ఎన్నో. సొంత ఇల్లు కట్టుకున్నవారు కొందరు, అపార్టుమెంటులో వాటా కొనుక్కున్నవారు కొందరు, కిరాయి ఇంటికి మారేవారు మరికొందరు. మావంటి అర్చకుల వద్దకు వచ్చి వారు అడిగే ప్రశ్నలు మాత్రం ఒక్క తీరుగానే ఉంటాయి. ముఖద్వారం ఏ దిక్కున ఉండాలి, వంటగది ఏ మూలన ఉండాలి, ముహూర్తం ఎప్పుడుంది అని అడుగుతారు. ఇవి అడగవలసిన ప్రశ్నలే. కానీ ఈ ఇంట్లో మా బిడ్డ సుఖంగా పెరుగుతుందా అని అడిగేవారు అరుదు.

ఆ ప్రశ్నను ఒక ఊరు ఊరంతా కలిసి వేసుకున్న సందర్భం శ్రీమద్భాగవతం దశమస్కంధంలో ఉంది. నందగోపుడు గోకులాన్ని విడిచి బృందావనానికి తరలిపోయిన ఘట్టం అది. పాలకుర్తి సమీపంలోని బమ్మెర గ్రామాన్ని పోతనామాత్యుని స్వగ్రామంగా కొలుచుకునే మన ప్రాంతంలో భాగవతం వినని ఇల్లు ఉండదు. పూతన వధ, వెన్నదొంగతనం, కాళీయమర్దనం అందరికీ కంఠస్థమే. ఈ రెండు ఊళ్ల నడుమ సాగిన బండ్ల ప్రయాణం వద్ద మాత్రం మనం ఎక్కువసేపు ఆగం. ఇల్లు మారే ప్రతి తల్లీ తండ్రీ ఆగి చూడవలసిన ఘట్టం అదే.

గోకులంలో వచ్చిన ఆపదలు

కృష్ణుడు గోకులంలో పెరిగిన కొద్ది కాలంలోనే వరుసగా ఆపదలు వచ్చిపడ్డాయి. అవి వచ్చిన సమయాలను గమనిస్తే నేటి గృహస్థులకు ఆశ్చర్యం కలుగుతుంది.

నందుడు కంసునికి వార్షికమైన పన్ను చెల్లించడానికి మథురకు వెళ్లాడు. తండ్రి ఊరిలో లేని ఆ సమయంలోనే పూతన వచ్చింది. గోకులంలో ఉత్పాతాలు కానవస్తున్నాయి, త్వరగా ఇంటికి వెళ్లమని వసుదేవుడు మథురలోనే హెచ్చరించాడు. నందుడు చేరుకునేసరికి జరగవలసినది జరిగిపోయింది. పసివాడు మాత్రం క్షేమంగా ఉన్నాడు.

తరువాత బిడ్డ బోర్లపడ్డాడు. ఆ వేడుకా, జన్మనక్షత్రమూ కలిసి వచ్చిన రోజున ఇల్లంతా చుట్టాలతో నిండిపోయింది. యశోద బిడ్డను బండి నీడన పడుకోబెట్టి వచ్చినవారిని సత్కరిస్తోంది. పాల కోసం బిడ్డ ఏడ్చిన ఏడుపు ఆ సందడిలో తల్లి చెవిని పడలేదని వ్యాసభగవానుడు స్పష్టంగా చెప్పాడు. ఆ క్షణంలోనే శకటం తలకిందులైంది. ఇంకొకనాడు ఒడిలోని బిడ్డ బరువెక్కగా మోయలేక తల్లి నేలమీద దించింది. సుడిగాలి రూపంలో తృణావర్తుడు వచ్చి ఎత్తుకుపోయాడు.

చివరిది మద్దిచెట్ల ఘట్టం. యశోద పాలిస్తుండగా పొయ్యిమీద పాలు పొంగాయి. బిడ్డను దించి ఆమె పాలకుండ వైపు పరుగెత్తింది. ఆకలి తీరని బాలుడు అలిగి పెరుగుకుండ పగులగొట్టాడు. తల్లి అతణ్ణి రోటికి కట్టివేసి ఇంటిపనిలో పడింది. బాలుడు రోలు ఈడ్చుకుంటూ రెండు మద్దిచెట్ల నడుమకు పోగా అవి కూకటివేళ్లతో కూలాయి. పిడుగుపాటు వంటి ఆ చప్పుడుకు నందుడూ గోపవృద్ధులూ పరుగున వచ్చారు. అక్కడ ఆడుకుంటున్న పిల్లలు తాము చూసినది చూసినట్టు చెప్పారు. పెద్దలలో కొందరు నమ్మలేదు, కొందరు సందేహించారు. నందుడు మాత్రం కోపగించుకోలేదు. నవ్వుతూ వచ్చి బిడ్డ కట్లు విప్పాడు.

తండ్రి రాజకార్యంమీద దూరాన ఉండటం, చుట్టాల సందడిలో బిడ్డ ఏడుపు వినబడకపోవడం, పొయ్యిమీది పాలు ఒడిలోని బిడ్డకంటే తొందరపెట్టడం ఏ ఇంట్లో జరగని సంగతులు? యశోదను లోకం ఆదర్శమాతగా కొలుస్తోంది. ఆమెకు కూడా ఇటువంటి రోజులు వచ్చాయని భాగవతం దాచిపెట్టలేదు. తల్లిదండ్రులు తమ్మును తాము నిందించుకోవడానికి ఈ కథలు చెప్పలేదు. బిడ్డ పెరిగే చోటు ఎలా ఉందో కళ్లు తెరిచి చూడమని చెప్పారు.

ఉపనందుని ఆలోచన

చెట్లు కూలిన తరువాత గోపవృద్ధులు సభ తీర్చారు. అందులో ఉపనందుడనే పెద్దాయన లేచాడు. అతడు వయసులోనూ జ్ఞానంలోనూ పెద్ద, దేశకాలాలు ఎరిగినవాడు, రామకృష్ణుల మేలు కోరేవాడు అని భాగవతం పరిచయం చేస్తుంది. గోకులం క్షేమం కోరేవారమైతే ఇక ఇక్కడ ఉండరాదని అతడు నిష్కర్షగా చెప్పాడు. ఈ చోట పిల్లలకు ముప్పు తెచ్చే ఉత్పాతాలు వస్తున్నాయని ఒక్కొక్క సంఘటననూ లెక్కపెట్టి చూపాడు. ఇన్నిసార్లు దైవం కాపాడింది, మరో అరిష్టం రాకముందే పిల్లలను తీసుకొని తరలిపోదామన్నాడు.

ఎక్కడికి వెళ్లాలో కూడా అతడే చెప్పాడు. బృందావనమనే వనం ఉంది. అక్కడ పశువులకు మేత ఉంది, కొత్త చిగుళ్ల అడవి ఉంది, పుణ్యమైన కొండ ఉంది, గడ్డీ తీగలూ సమృద్ధిగా ఉన్నాయి, గోపులకూ గోపికలకూ గోవులకూ అందరికీ అనువైన చోటు అని వివరించాడు. మీకు సమ్మతమైతే ఈనాడే బండ్లు కడదాం అన్నాడు. అందరూ ఏకకంఠంతో బాగు బాగు అన్నారు.

హరివంశంలో ఈ కథకు మరొక కోణం ఉంది. వ్రేపల్లె చుట్టూ ఉన్న అడవిలో గడ్డి తరిగిపోయింది, చెట్లు నరుకుడు పడ్డాయి, ఈ చోటు ఇక మనకు తగదని బాలకృష్ణుడే అన్న బలరామునితో అంటాడు. ఆపైన అతని రోమాలనుంచే తోడేళ్లు పుట్టి పల్లెను భయపెడతాయి. పెద్దలు బయలుదేరక తప్పలేదు. నేల సారం చచ్చిన చోట, నీడ కరువైన చోట బిడ్డలు పెరగరాదన్న భావం అక్కడ కనిపిస్తుంది.

ఉపనందుని మాటల్లో మూడు సూత్రాలు ఉన్నాయి. మొదటిది బిడ్డల రక్షణ. రెండవది జీవిక, అంటే మేతా నీరూ. మూడవది, ఆ చోటు ఇంటిల్లిపాదికీ, చివరకు మూగజీవాలకూ అనువుగా ఉండాలన్నది. ఇల్లు చూసేటప్పుడు ఈ మూడింటినీ ఒకదాని తరువాత ఒకటిగా చూసినవాడు పొరపాటు పడడు.

బండ్లమీద కాపురం

ప్రయాణం సాగిన తీరు మరింత మనోహరం. వృద్ధులనూ పిల్లలనూ స్త్రీలనూ ఇంటి సామగ్రినంతటినీ బండ్లకెక్కించారు. గోధనాన్ని ముందు నడిపించారు. గోపులు విల్లమ్ములు ధరించి జాగ్రత్తగా కాపు కాశారు. కొమ్ముబూరలు ఊదుతూ, వాద్యఘోషతో, పురోహితులను వెంటబెట్టుకొని సాగారు. గోపికలు కుంకుమపూతలతో, మంచి వస్త్రాలతో బండ్లెక్కి కృష్ణలీలలు పాడుకున్నారు.

ఇందులో రెండు సంగతులు మనసున నిలుపుకోవాలి. బండ్లకెక్కినవారిని చెప్పేటప్పుడు మొదట పేర్కొన్నది వృద్ధులను. ఇల్లు మారడం పిల్లల కోసమే అయినా పెద్దలను పాత ఊరిలో వదిలిపోలేదు. అసలు ఆ ఆలోచన ఇచ్చినవాడే ఒక వృద్ధుడు. రెండవది యశోదా రోహిణుల ముచ్చట. ఆ తల్లులిద్దరూ ఒకే బండిలో రామకృష్ణులతో కూర్చొని వారి ముచ్చట్లు వినాలన్న ఉత్సుకతతో వెలిగిపోయారని భాగవతం చెబుతోంది. బృందావనం ఇంకా రాలేదు. కొత్త ఇల్లు ఇంకా కట్టలేదు. ఉన్నది కుదుపుల దారి, ఒక బండి, ఇద్దరు బిడ్డలు. ఆనందం అప్పటికే నిండిపోయింది.

ఇల్లు పూర్తయితే, అప్పు తీరితే, పై అంతస్తు పడితే అప్పుడు పిల్లలతో తీరికగా గడుపుదామని వాయిదా వేసుకునేవారికి ఈ బండి పెద్ద పాఠం. ఇల్లు వచ్చేలోగా బాల్యం వెళ్లిపోతుంది.

బృందావనం చేరాక బండ్లను అర్ధచంద్రాకారంగా నిలిపి విడిది ఏర్పరచుకున్నారు. ఆ కొలువు అన్ని కాలాలలోనూ సుఖమిచ్చేదిగా ఉంది. అక్కడి వనాన్నీ, గోవర్ధనాన్నీ, యమునాతీరపు ఇసుకతిన్నెలనూ చూసి రామకృష్ణుల మనసు ఉప్పొంగింది. చోటు నచ్చవలసినది ముందుగా పిల్లలకేనన్న మర్మం ఇందులో ఉంది. కాలక్రమంలో ఆ బాలురు దూడలను కాచే ఈడుకు వచ్చారు. ఆట స్థలం, పని నేర్చే స్థలం, దైవాన్ని దర్శించే స్థలం మూడూ వారికి ఒక్కచోటే అమరాయి.

కొత్త చోటికి వెళ్లగానే కష్టాలన్నీ తీరలేదు. వత్సాసురుడు, బకాసురుడు, అఘాసురుడు అక్కడికీ వచ్చారు. యమున మడుగులో కాళీయుడు ఉన్నాడు. ఇల్లు మారితే గ్రహచారం మొత్తం మారిపోతుందని ఆశించేవారు ఇది గుర్తుంచుకోవాలి. మంచి ఇల్లు ఆపదలను తగ్గిస్తుంది. కాపు కాయవలసిన బాధ్యత మాత్రం తల్లిదండ్రులదే.

వేదం కోరిన ఇల్లు

అథర్వవేదం మూడవ కాండంలో శాలాసూక్తం ఉంది. ఇంటిని నిలబెట్టేటప్పుడు ఇంటినే సంబోధించి చేసే ప్రార్థన అది. గట్టిగా నిలువుము, నేతితో పాలతో సమృద్ధిగా ఉండుము అని కోరిన ఋషి, దూడ నీ దగ్గరకు రావాలి, పసిబాలుడు నీ దగ్గరకు రావాలి, సాయంవేళ పాడియావులు తిరిగి రావాలి అని వేడుకుంటాడు. ఇంటికి అలంకారంగా బంగారాన్నీ చిత్రాలనూ అడగలేదు. సంధ్యవేళ గడపలోకి పరుగెత్తి వచ్చే బిడ్డను అడిగాడు.

ఋగ్వేదం ఏడవ మండలంలో వసిష్ఠ మహర్షి దర్శించిన వాస్తోష్పతి ప్రార్థన ఉంది. ఇంటి అధిదేవతను ఉద్దేశించి, మా ప్రవేశాన్ని శుభకరం చేయుము, రోగాలు లేకుండా చేయుము, మనుషులకూ పశువులకూ మేలు చేయుము అని కోరుతూ, తండ్రి కొడుకులను ఆదరించినట్టు మమ్మల్ని ఆదరించుమని వేడుకుంటారు. వాస్తుదేవత శిక్షించడానికి కాచుకొని ఉండే దేవత అనే భయం మనలో బాగా పాతుకుపోయింది. వేదం ఆయనను తండ్రి ప్రేమతో పోల్చి పిలిచింది. వాస్తు నియమాలను గౌరవించాలి. భయంతో వణుకుతూ, ఏటేటా గోడలు పగులగొడుతూ, బిడ్డల చదువుకు దాచిన ధనాన్ని మార్పులకు ధారపోయడం ఆ తండ్రికి ప్రీతికరం కాజాలదు.

గృహప్రవేశాన్ని శాస్త్రం మూడు విధాలుగా చెప్పింది. కొత్తగా కట్టిన ఇంట్లో ప్రవేశించడం అపూర్వం. దూరప్రయాణం చేసి తిరిగి వచ్చి ప్రవేశించడం సపూర్వం. పాడైన ఇంటిని బాగుచేసి ప్రవేశించడం ద్వంద్వం. విఘ్నేశ్వర పూజ, పుణ్యాహవాచనం, వాస్తుపూజ, నవగ్రహారాధన, హోమాదులు ఆయా కుటుంబాల గృహ్యసూత్రాన్ని అనుసరించి జరుగుతాయి. దూడతో కూడిన ఆవును ముందు నడిపించడం మన ఆచారం. తల్లీబిడ్డల జంట తొలి అడుగు పెట్టిన ఇల్లు తల్లీబిడ్డలకు చల్లని నీడ అవుతుందని దాని అంతరార్థం. వెనుక దంపతులు కలశం, దేవుని పటం, పసుపు కుంకుమలు, ధాన్యం పట్టుకొని కుడికాలు ముందు పెట్టి లోనికి వస్తారు.

పాలు పొంగించడం ఇందులో మధురమైన ఘట్టం. మన వైపు ఆడబిడ్డ చేత పాలు పొంగించి, ఆమెకు చీరసారె పెట్టి గౌరవిస్తారు. పుట్టింటి ఆడపడుచు చేయి తగిలిన పొయ్యి చల్లగా ఉంటుందని నమ్మకం. ఆ పాలతో పరమాన్నం వండి నివేదన చేసి, మొదటి ముద్ద పిల్లలకు పెట్టడం ఎంతో మంచిది. పొంగే పాలకోసం యశోద బిడ్డను దించి వెళ్లిన కథ ఆ క్షణంలో స్ఫురించాలి. సిరి పొంగాలి, ఆ పొంగును పట్టుకునే తొందరలో ఒడిలోని బిడ్డ జారిపోరాదు.

గృహప్రవేశం నాడు పొగకూ జనానికీ ఉక్కిరిబిక్కిరై పసిబిడ్డలు ఏడుస్తుంటే, ముహూర్తం మించిపోతుందని తల్లులు కంగారు పడటం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. అమ్మా, బిడ్డకు పాలిచ్చి రండి, సంకల్పం మీ కోసం ఆగుతుంది అని నేను చెబుతుంటాను. శకటభంజనం నాడు యశోద చెవిని పడని ఏడుపు మన చెవిని పడాలి.

సంస్కారాలు చూపే దారి

పసివాని సంస్కారాలను వరుసగా చూస్తే బిడ్డకు ఎటువంటి ఇల్లు కావాలో శాస్త్రమే చెప్పినట్టవుతుంది. నామకరణం ఇంటి లోపల జరుగుతుంది. నాలుగవ నెలలో నిష్క్రమణ సంస్కారం. బిడ్డను ఇంటినుంచి వెలుపలికి తెచ్చి సూర్యుణ్ణి చూపుతారు, చంద్రదర్శనమూ చేయిస్తారు. కొన్ని సంప్రదాయాలలో అయిదవ నెలలో బిడ్డను నేలమీద కూర్చోబెట్టే భూమ్యుపవేశనం ఉంది. ఆరవ నెలలో అన్నప్రాశనం. అంటే బిడ్డకు ఎండ కావాలి, వెన్నెల కావాలి, మట్టి కావాలి, ఆపైన అన్నం కావాలి. ఉదయపు ఎండ లోనికి రాని ఇల్లు, మట్టి తగలని ఇల్లు ఎంత ఖరీదైనదైనా ఆ మేరకు లోటే.

అపార్టుమెంటులో ఉండేవారికి ఇది సాధ్యమా అని అడుగుతారు. తూర్పు బాల్కనీలో తులసికోట పెట్టి, నీళ్లు పోసే పని బిడ్డకు అప్పగించండి. ఆ కుండీలోని మట్టే ఆ బిడ్డకు తొలి భూమి. సాయంకాలం భద్రకాళి గుడికో, వేయిస్తంభాల గుడికో చేయి పట్టి నడిపించండి. సద్దుల బతుకమ్మనాడు ఆడపిల్లల చేత పూలు ఏరించి, పేర్పించండి. ఇల్లు చిన్నదైనా బిడ్డ లోకం చిన్నది కాదు.

ఓరుగల్లులో ఉపనందుడు ఉంటే

దేశకాలాలు ఎరిగి చెప్పడం ఉపనందుని గొప్పతనం. మన దేశకాలాలకు తగినట్టు ఆలోచిస్తే కొన్ని సంగతులు చెప్పక తప్పదు.

కాకతీయులు ఈ ప్రాంతాన్ని గొలుసుకట్టు చెరువులతో నింపారు. ఒక చెరువు అలుగు పారితే ఆ నీరు కిందిచెరువుకు చేరే ఏర్పాటు అది. కాలక్రమంలో నీటి దారులలో ఇళ్లు లేచాయి. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ కురిసిన భారీ వర్షాలకు వరంగల్, హనుమకొండలలోని లోతట్టు కాలనీలు నీట మునిగాయి. పిల్లలను ఎత్తుకొని మేడలెక్కిన తల్లుల భయం ఇంకా మరుపునకు రాలేదు. ఈశాన్యం చూసేముందు నేల పల్లం చూడాలి. చెరువు శిఖం భూమియా, నాలా దారియా అని ఆ ఊరి పెద్దలను అడిగి తెలుసుకోవాలి. నీటి దారిని నీటికి వదలడం వాస్తుశాస్త్రానికి కూడా సమ్మతమే.

తరువాత ఇంటి లోపలి రక్షణ. నీటి సంపుకు గట్టి మూత ఉందా, మేడమీద పిట్టగోడ బిడ్డ ఎత్తుకు మించి ఉందా, మెట్లకు కటకటాలు ఉన్నాయా, కరెంటు ప్లగ్గులు పసిచేతికి అందనంత ఎత్తున ఉన్నాయా అని చూడాలి. పూజగదిలో దీపం సైతం పాకే బిడ్డకు అందనిచోట పెట్టాలి. బిడ్డ కాలక దీపం వెలగడమే దైవానికి ప్రీతి.

అటుపైన ఇరుగుపొరుగు. గోకులంలో ఒక బిడ్డ ఏడిస్తే పదిమంది తల్లులు వచ్చారు. బడి నడక దూరంలో ఉందా, ఆడుకునే తోటిపిల్లలు ఉన్నారా, పక్కింటివారు పలుకరించే స్వభావం గలవారా అన్నది గదుల సంఖ్యకంటే ముఖ్యం. కిరాయి ఇల్లయితేనేమి, బృందావనంలో నందుని తొలి నివాసం వరుసగా నిలిపిన బండ్లే కదా.

ఇక పెద్దల సంగతి. పల్లెనుంచి తరలివచ్చిన ఒక కుటుంబానికి గృహప్రవేశం చేయించినప్పుడు, ఇంటి యజమాని తల్లి ఒక మూలన కూర్చొని ఉంది. మరునాడే ఆమెను ఊరికి పంపిస్తారట. కొత్త ఇంట్లో ఆమెకంటూ గది లేదు. హోమం ముగిశాక మనుమరాలు వచ్చి, “అయ్యగారూ, నానమ్మ మంచం ఎక్కడ వేయాలి, ఏ దిక్కు మంచిది?” అని నన్ను అడిగింది. పిల్ల అడిగిన వాస్తు ప్రశ్నకు నేను దిక్కు చెప్పాను. దక్షిణానికి తల ఉండేటట్టు, నీవు పడుకునే గదిలోనే వేయమ్మా అన్నాను. తండ్రి తలవంచుకొని కాసేపు ఊరకున్నాడు. ఆ సాయంత్రం మంచం వచ్చింది. పిల్లలకు కథ చెప్పే గొంతు లేని ఇంట్లో ఎన్ని గదులుండి ఏమి ప్రయోజనం? కృష్ణలీలలు పాడుతూ సాగిన బండ్లలో ముందు ఎక్కినది వృద్ధులే.

కన్నతనం, పెంచినతనం

గృహప్రవేశాలలో కొందరు దంపతులు వెనుక వరుసలో నిలబడతారు. సంతానం కలుగలేదన్న బాధ ఒకటి, చుట్టాల ప్రశ్నలు మరొకటి. శుభకార్యానికి ముందుకు రావడానికి వారు జంకుతారు. అటువంటివారిని వెనుకకు నెట్టమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. యశోద కృష్ణుణ్ణి కన్నతల్లి కాదు. దేవకి కన్నది, యశోద పెంచింది. లోకం యశోదాకృష్ణుడనే పిలుచుకుంటోంది. తల్లి అన్న మాటకు పెంపకమే ప్రాణమని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనం వేరే వెదకనక్కరలేదు.

మన ఓరుగల్లు చరిత్రలోనూ ఇది ఉంది. కుమారులు లేని గణపతిదేవ చక్రవర్తి కుమార్తె రుద్రమదేవిని రాజ్యభారానికి తగినట్టు పెంచాడు. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజని పేర్కొన్నాయి. ఆ రుద్రమ తన కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుణ్ణి దత్తు తీసుకొని వారసుణ్ణి చేసింది. ఆడబిడ్డ అని తక్కువ చూడలేదు, దత్తుబిడ్డ అని వేరు చేయలేదు. చట్టప్రకారం దత్తత స్వీకరించి, శాస్త్రోక్తంగా నామకరణం చేసి, బిడ్డతో కలిసి కొత్త ఇంట్లో అడుగుపెట్టే దంపతులు నేడు ఎందరో ఉన్నారు. వారి గృహప్రవేశానికి ఒక్క మంత్రమూ తగ్గదు.

అమ్మానాన్నల ఆనందం

మద్దిచెట్లు కూలిన తరువాత, బండ్లు కట్టకముందు, భాగవతంలో ముచ్చటైన దృశ్యాలు కొన్ని ఉన్నాయి. పీట తీసుకురా, మానిక తీసుకురా, పాదుకలు తీసుకురా అని పెద్దలు చెబితే బాలకృష్ణుడు మోసుకొచ్చేవాడట. మోయలేనప్పుడు చేతులు ఊపి బలం చూపేవాడట. బ్రహ్మాండాలు మోసే స్వామి తండ్రి పాదుకలు మోయడం వాత్సల్యానికి పరాకాష్ఠ.

మరొకనాడు ఏటి ఒడ్డున ఆటలో మునిగిన పిల్లలను రోహిణి పిలిస్తే రాలేదు. యశోద స్వయంగా వెళ్లింది. ఆడి ఆడి అలసిపోయారు, ఆకలిగా ఉంటుంది, మీ నాన్న భోజనానికి కూర్చొని మీకోసం ఎదురుచూస్తున్నాడు రండని బతిమాలింది. ఈనాడు నీ జన్మనక్షత్రం, స్నానం చేసి గోదానం చేయాలని గుర్తుచేసింది. నీ స్నేహితులను చూడు, వాళ్ల అమ్మలు ఎంత చక్కగా స్నానం చేయించి అలంకరించారో అని ఆశపెట్టింది. వ్రజాధిపతి అయిన నందుడు బిడ్డలు రానిదే ముద్ద ముట్టకుండా కూర్చున్నాడు. ఆ ఒక్క మాటలో తండ్రితనం మొత్తం ఇమిడిపోయింది.

కొత్త ఇంట్లో చేరిన దంపతులకు మూడు చిన్న నియమాలు చెబుతాను. రోజుకు ఒక్కపూటైనా ఇంటిల్లిపాదీ కలిసి భోజనం చేయాలి. ఆ వేళ టీవీ, సెల్‌ఫోను మూతపడాలి. సంధ్యాదీపం పెట్టే పని పిల్లల కళ్లముందు జరగాలి, ఈడు వచ్చాక వారి చేతనే పెద్దల సమక్షంలో పెట్టించాలి. పడుకునే ముందు ఒక పురాణకథ తల్లో తండ్రో తాతో చెప్పాలి. వీటికి ధనం అక్కరలేదు, అదనపు గది అక్కరలేదు.

ఇంటికి రంగు ఏడాదికి వెలుస్తుంది. గడపకు రాసిన పసుపు వారానికి చెరుగుతుంది. బిడ్డ చెవిన పడిన తల్లి మాట, తండ్రి నవ్వు వారు మరొక ఇల్లు కట్టుకునేదాకా తోడు ఉంటాయి. గోకులాన్ని కదిలించిన గోపాలకృష్ణుడు ఇల్లు మారే ప్రతి కుటుంబానికీ బండి ముందు నడుచుగాక. ఓరుగల్లు భద్రకాళి తల్లి ప్రతి గడపలోని పసిబిడ్డలను చల్లగా కాపాడుగాక.